ఏడో స్థానంలో వచ్చాడు... ఛాంపియన్ అయ్యాడు!

ఒక ట్రాక్, ఒక వారాంతం, ముగ్గురు కుర్రాళ్లు. చివరి రేసుకు ముందు ఇద్దరివి సమానమైన పాయింట్లు, మూడోవాడికి వాళ్లకన్నా తొమ్మిదే తక్కువ. 2020లో ముజెల్లోలో ముగిసిన ఫార్ములా 3 సీజన్, ఫార్ములా వన్ కల కనే పిల్లల లోకం ఎలా నడుస్తుందో విప్పి చూపించింది.

2020 సెప్టెంబరు 13, ఆదివారం. ఇటలీలోని ముజెల్లో ట్రాక్ మీద ఎఫ్3 సీజన్ ఆఖరి రేసు ముగిసింది. అందరికన్నా ముందు గీత దాటినవాడు న్యూజిలాండ్ కుర్రాడు లియామ్ లాసన్. అతని వెనక జర్మనీకి చెందిన డేవిడ్ బెక్‌మన్, ఆ వెనక ఫ్రాన్స్ కుర్రాడు థియో పూర్షేర్. రేసు గౌరవం ఆ ముగ్గురిదీ. ఏడాది టైటిల్ మాత్రం వాళ్లలో ఎవరికీ దక్కలేదు. ఏడో స్థానంలో వచ్చిన పంతొమ్మిదేళ్ల ఆస్ట్రేలియా కుర్రాడు ఆస్కార్ పియాస్ట్రి ఛాంపియన్ అయ్యాడు.

ఆ రేసులో ఏడో స్థానానికి ఇచ్చినవి 4 పాయింట్లు. అతను టైటిల్ గెలిచింది 3 పాయింట్ల తేడాతో.

ఇవాళ పియాస్ట్రి అంటే ఫార్ములా వన్ చూసేవాళ్లందరికీ తెలుసు. మెక్‌లారెన్ జట్టులో ఉన్నాడు, గ్రాండ్ ప్రిలు గెలుస్తున్నాడు. అతని గెలుపులన్నీ గుర్తున్నవాళ్లకు కూడా ఆ ఏడో స్థానం గుర్తుండకపోవచ్చు. నిజానికి ఈ జూనియర్ పోటీల తీరు అర్థం కావాలంటే చూడాల్సింది దాన్నే. ఇక్కడ టైటిల్ తెచ్చిపెట్టేది మంచి రోజున కొట్టిన గెలుపు ఒక్కటే కాదు. ఏదీ కలిసిరాని రోజున ఎంత దక్కించుకున్నాడన్నదే చివరికి లెక్కకొస్తుంది.

మెట్టు మెట్టుకూ జల్లెడ

ఫార్ములా వన్ డ్రైవర్ ఒక్కరోజులో తయారవడు. ఏడెనిమిదేళ్ల వయసులో గో-కార్టింగ్‌తో మొదలవుతుంది. పదిహేనేళ్లకు ఫార్ములా 4. ఆ తర్వాత ప్రాంతీయ ఫార్ములా పోటీలు. అక్కడ సత్తా చాటితే ఎఫ్3, దాని మీద ఎఫ్2, ఆఖరి మెట్టు ఎఫ్1. ఇవన్నీ ఒంటి సీటు కార్లే. చక్రాలు బయటికి కనిపిస్తూ, డ్రైవర్ ఒక్కడే పట్టే ఇరుకు గుంటలో కాళ్లు చాపుకుని, దాదాపు వెల్లకిలా పడుకున్నట్టు కూర్చుని నడుపుతాడు.

ఈ దారి నడిమధ్యలో ఉన్నది ఎఫ్3. ఇప్పుడున్న రూపంలో ఇది 2019లో మొదలైంది. అంతకుముందు యూరప్‌లో రెండు పోటీలు పక్కపక్కనే నడిచేవి. ఒకటి యూరోపియన్ ఫార్ములా 3, ఇంకోటి జీపీ3. రెంటినీ కలిపి అంతర్జాతీయ మోటారు క్రీడల సమాఖ్య ఎఫ్ఐఏ ఒకే ఛాంపియన్‌షిప్ చేసింది. ఫార్ములా వన్ జరిగే వారాంతాల్లో అదే ట్రాక్ మీద పొద్దున్నే వీళ్ల రేసులు ఉంటాయి. ఫార్ములా వన్ జట్ల పెద్దలు అక్కడే ఉంటారు. కుర్రాళ్లకు అంతకన్నా పెద్ద పరీక్ష హాలు లేదు.

2020లో బరిలో ఉన్నవి పది జట్లు, ఒక్కో జట్టుకు మూడేసి కార్లు, మొత్తం 30. అందరి కార్లూ ఇటలీ కంపెనీ డల్లారా చేసినవే. ఇంజిన్ అందరికీ ఒకటే, మెకాక్రోమ్ తయారుచేసిన 3.4 లీటర్ల వీ6, దాదాపు 380 గుర్రాల శక్తి. టైర్లు అందరికీ పిరెల్లీవే. నా కారు మంచిది కాదు అని తప్పించుకునే వీల్లేకుండా చేయడమే దీని ఉద్దేశం. సెట్టింగులు మార్చుకోవచ్చు, టైర్లను ఎలా వాడుకోవాలో డ్రైవర్ ఇష్టం. మిగతాదంతా స్టీరింగ్ పట్టుకున్నవాడి చేతుల్లోనే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2014లో మ్యాక్స్ వెర్‌స్టాపెన్ యూరోపియన్ ఫార్ములా 3లో మూడో స్థానంలో నిలిచాడు. మధ్యలో ఇంకో మెట్టు ఎక్కకుండానే 2015లో పదిహేడేళ్లకే ఫార్ములా వన్ కారెక్కాడు. పిల్లాడి చేతికి అంత బండి ఇస్తారా అని గోలయింది. దాంతో ఎఫ్ఐఏ నిబంధనలు బిగించింది. ఫార్ములా వన్‌లో నడపాలంటే సాధారణంగా పద్దెనిమిదేళ్లు నిండాలి, మూడేళ్లలో 40 సూపర్ లైసెన్స్ పాయింట్లు కూడగట్టాలి. ఎఫ్3 ఛాంపియన్‌కు 30 ఇస్తారు, రెండో స్థానానికి 25, మూడో స్థానానికి 20. అంటే ఎఫ్3లో ఒక్కో స్థానమూ ఫార్ములా వన్ గడప వైపు ఒక్కో అడుగు.

ఒకే గొడుగు కింద ఇద్దరు

2020 మామూలు సంవత్సరం కాదు. కొవిడ్ వల్ల ఎఫ్3 సీజన్ జులైలో గానీ మొదలు కాలేదు. ఆస్ట్రియాలో రెండు వారాలు, హంగరీ, సిల్వర్‌స్టోన్‌లో రెండు వారాలు, బార్సిలోనా, స్పా, మోంజా, చివరికి ముజెల్లో. వారాంతానికి రెండు రేసుల చొప్పున తొమ్మిది వారాంతాల్లో 18 రేసులు. స్పా, మోంజా, ముజెల్లో మూడూ వరసగా మూడు ఆదివారాల్లో వచ్చాయి. ఓ చోట కారు దెబ్బతింటే తీరిగ్గా బాగుచేసుకునే వ్యవధి లేదు, మనసు దెబ్బతింటే కుదుటపడే వ్యవధి అసలే లేదు.

టైటిల్ వేటలో ముందున్న ఇద్దరూ ఒకే జట్టువాళ్లు. ఇటలీలోని విచెంజా దగ్గర పల్లెటూళ్లో కొలువైన ప్రెమా, 1983లో పుట్టిన జట్టు. జూనియర్ రేసింగ్‌లో దాని పేరు చెబితే చాలు. దాని గొడుగు కింద చేరిన ఇద్దరిలో ఒకడు పియాస్ట్రి, ఇంకొకడు అమెరికా కుర్రాడు లోగన్ సార్జెంట్.

పియాస్ట్రిది మెల్‌బోర్న్. మొదట రిమోట్ కంట్రోల్ కార్లతో పోటీల్లో దిగాడు, ఆపైన కార్టింగ్. రేసింగ్‌లో పైకి రావాలంటే యూరప్ వెళ్లక తప్పదు. పద్నాలుగు, పదిహేనేళ్ల ఈడులో ఇంగ్లండ్ చేరాడు. తండ్రి కొన్నాళ్లు తోడుండి తిరిగి వెళ్లిపోయాక బోర్డింగ్ స్కూల్లో ఉండి చదువుకుంటూ రేసులు నడిపాడు. 2019లో ఫార్ములా రెనో యూరోకప్ గెలిచాడు. ఒకప్పటి ఫార్ములా వన్ డ్రైవర్ మార్క్ వెబర్ అతని వ్యవహారాలు చూడటం మొదలుపెట్టాడు.

సార్జెంట్‌ది ఫ్లోరిడా. చిన్నప్పుడే యూరప్ వచ్చేసి, 2015లో జూనియర్ కార్టింగ్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 1978లో గెలిచిన లేక్ స్పీడ్ అనే డ్రైవర్ తర్వాత కార్టింగ్‌లో ప్రపంచ టైటిల్ కొట్టిన తొలి అమెరికన్ అతనే.

ఒకే జట్టులో ఇద్దరు పోటీదారులుంటే వింత పరిస్థితి. కారు ఎక్కడ బ్రేక్ వేసింది, ఎక్కడ యాక్సిలరేటర్ తొక్కింది, ఏ మలుపులో ఎంత వేగంతో వెళ్లింది అన్న సమాచారమంతా కంప్యూటర్‌లో పడుతుంది. ఇద్దరూ ఒకరిది ఒకరు చూసుకోవచ్చు. నీకన్నా వాడు ఆ మలుపులో పదో వంతు సెకను ఎక్కడ సంపాదించాడో గీతల్లో కనిపిస్తుంది. పగటిపూట పోటీదారు, సాయంత్రానికి అతనే పాఠ్యపుస్తకం. దాచుకోడానికి ఏమీ మిగలదు.

మూడోవాడు పూర్షేర్. ఫ్రాన్స్‌కే చెందిన ఏఆర్‌టీ గ్రాండ్ ప్రి జట్టు. 2019లో జర్మనీ ఎఫ్4 గెలిచి, పదహారేళ్లకే ఎఫ్3లోకి వచ్చాడు. ముజెల్లోకి వచ్చేనాటికి పదిహేడు నిండి నెల కూడా కాలేదు. గ్రిడ్‌లో అందరికన్నా చిన్నవాళ్లలో ఒకడు, అయినా సీజన్ సగం దాటేసరికి పెద్దవాళ్లను తరుముతున్నాడు.

ఈ సీజన్‌లో పియాస్ట్రి ఒక్క పోల్ కూడా కొట్టలేదు. అంటే క్వాలిఫయింగ్‌లో అందరికన్నా వేగంగా ఒక్కసారీ తిరగలేదు. పైగా కారు వెనక రెక్క తెరుచుకునే డీఆర్ఎస్ మధ్యమధ్య మొరాయించి ఇబ్బంది పెట్టింది. గెలిచింది రెండే రేసులు, ఆస్ట్రియాలో మొట్టమొదటిది, బార్సిలోనాలో ఒకటి. మరి పట్టికలో పైన ఎలా ఉన్నాడు? వెనక నుంచి మొదలైనా స్థానాలు ఎగబాకుతూ, వీలైన చోటల్లా దొరికినన్ని పాయింట్లు పోగేశాడు.

ముజెల్లో అంటే భయమూ భక్తీ

ఫ్లోరెన్స్‌కు ఉత్తరాన, స్కార్పెరియా ఊరి పక్కన కొండల మధ్య ఉంది ముజెల్లో. 1974లో కట్టారు. 1988 నుంచి ఫెరారీ సొంతం. పొడవు 5.245 కిలోమీటర్లు, మలుపులు 15. మోటార్‌సైకిల్ రేసులకు ఎప్పట్నుంచో పేరున్న చోటు. ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు మాత్రం అక్కడ ఆ వారాంతంలోనే మొదటిసారి జరిగింది. ఫెరారీకి అది వెయ్యో గ్రాండ్ ప్రి. కొవిడ్ రోజులు కాబట్టి పరిమితంగానే ప్రేక్షకులను రానిచ్చారు.

కిలోమీటరుకు పైగా సాగే మెయిన్ స్ట్రెయిట్ చివర శాన్ డొనాటో మలుపు. కుడివైపుకు తిరుగుతూ ఎత్తు ఎక్కుతుంది. ఓవర్‌టేక్ చేయాలంటే అదే మంచి చోటు. ఆ వెంటనే లూకో, పోజ్జో సెక్కో. మధ్యలో రెండు అరబ్బియాటాలు. కాలు పెద్దగా తీయకుండా కొండ ఎక్కుతూ తిరగాల్సిన మలుపులవి. మెడ మీద పడే బరువుకు తల పక్కకు లాగేస్తుంది. నెమ్మదిగా వెళ్లే మలుపు దాదాపు లేదు. చాలా చోట్ల తారు రోడ్డు దాటితే గులకరాళ్లే. కొత్త ట్రాకుల మీద తప్పు చేస్తే విశాలమైన తారు మీదకు వెళ్లి తిరిగి రావచ్చు. ఇక్కడ చక్రం రాళ్లలో దిగితే కథ ముగిసినట్టే.

ఇక ముందు కారు వెనకే వెళ్లడం ఎలా ఉంటుందో చూడాలి. ముందున్న కారు గాలిని చీల్చుకుంటూ పోతుంది. స్ట్రెయిట్‌లో వెనకవాడికి అది లాభం, గాలి అడ్డు తగ్గి వేగం పెరుగుతుంది. ముందువాడికి ఒక సెకను లోపల ఉంటే, నిర్ణీత చోట్లలో వెనక రెక్క తెరుచుకునే వీలు కూడా ఉంది. మలుపులో మాత్రం కథ తిరగబడుతుంది. చెదిరిన గాలిలో ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది, కారు అనుకున్నంత తిరగదు, స్టీరింగ్ ఇంకా తిప్పాలి, టైరు రాసుకుని వేడెక్కుతుంది. ఎఫ్3 రేసులో మధ్యలో ఆగి టైర్లు మార్చుకునే పని లేదు. మొదట వేసుకున్న నాలుగు టైర్లే ఆఖరి ల్యాప్ దాకా. తొందరపడి మూడో ల్యాప్‌లో వాటిని కాల్చేసుకున్నవాడు చివర్లో ఒక్కొక్కరికే దారి ఇవ్వాల్సి వస్తుంది. ఏ మలుపులో దగ్గరికి వెళ్లాలి, ఏ మలుపులో కాస్త వెనక్కి తగ్గాలి అన్న తెలివి ఉన్నవాడిదే పైచేయి.

మొదటి రేసు, సమానమైన లెక్క

ముజెల్లోకి వచ్చేసరికి పియాస్ట్రికి 160, సార్జెంట్‌కు 152, పూర్షేర్‌కు 136. మిగిలినవి రెండు రేసులు.

ఆ ఏడాది వారాంతపు మొదటి రేసులో పాయింట్లు ఎక్కువ. గెలిచినవాడికి 25, తర్వాత 18, 15, 12, 10, 8, 6, 4, 2, 1. దాన్ని ప్రెమాకే చెందిన మూడో కుర్రాడు, డెన్మార్క్‌కు చెందిన ఫ్రెడెరిక్ వెస్టి గెలిచాడు. పూర్షేర్ మూడో స్థానం, 15 పాయింట్లు. సార్జెంట్ ఆరో స్థానం, 8 పాయింట్లు. పియాస్ట్రి పదకొండో స్థానంలో వచ్చాడు. ఒక్క మెట్టులో పాయింటు జారిపోయింది.

ఇప్పుడు పట్టిక చూడండి. పియాస్ట్రి 160, సార్జెంట్ 160, పూర్షేర్ 151. పదిహేడు రేసులు నడిచాక ఇద్దరు సమానం.

అప్పట్లో రెండో రేసుకు గ్రిడ్ తీరు వేరు. మొదటి రేసులో మొదటి పది స్థానాల్లో వచ్చినవాళ్లను తలకిందులు చేసేవారు. పదోవాడు ముందు, మొదటివాడు పదో చోట. ఆ లెక్కన ఆరోవాడైన సార్జెంట్ అయిదో చోటి నుంచి, మూడోవాడైన పూర్షేర్ ఎనిమిదో చోటి నుంచి బయలుదేరాలి. పదకొండోవాడికి తలకిందులు వర్తించదు. పియాస్ట్రి పదకొండు నుంచే. తన సమఉజ్జీ ఆరు స్థానాలు ముందున్నాడు.

రెండో రేసు పాయింట్లు 15, 12, 10, 8, 6, 5, 4, 3, 2, 1. ఎవరెక్కడ బయలుదేరారో అక్కడే ముగించి ఉంటే సార్జెంట్‌కు 166, పియాస్ట్రికి 160, పూర్షేర్‌కు 154. అమెరికా కుర్రాడు హాయిగా ఛాంపియన్. కాగితం మీద టైటిల్ దాదాపు అతని చేతిలో ఉంది.

ఒక్క ల్యాప్

ఆ టైటిల్ ఒక్క ల్యాప్ కూడా నిలవలేదు. 30 కార్లు ఒక్కసారిగా బయలుదేరి శాన్ డొనాటోలోకి దూసుకెళ్తే ఎంత ఇరుకో ఊహించుకోవచ్చు. మొదటి ల్యాప్‌లోనే సార్జెంట్ కారుకీ ట్రైడెంట్ జట్టు డ్రైవర్ లిరిమ్ జెండెలి కారుకీ తగులుకుంది. సార్జెంట్ ట్రాక్ బయటికి వెళ్లిపోయాడు. అతని రేసు అక్కడితో సరి. సీజన్ కూడా. 160 దగ్గరే ఆగిపోయాడు.

ఇప్పుడు పియాస్ట్రికి అడ్డు తొలగినట్టేనా? అనుకుంటే పొరపాటే. పక్కనున్న పోటీదారు పోయాడు గానీ ముందున్నవాడు మిగిలే ఉన్నాడు. ఎనిమిదో చోటి నుంచి బయలుదేరిన పూర్షేర్ ఒక్కొక్కరినీ దాటుకుంటూ మూడో స్థానానికి చేరాడు. మూడో స్థానానికి 10. 151కి కలిపితే 161. పియాస్ట్రి ఖాళీ చేతులతో ముగిస్తే 160. ఒక్క పాయింటుతో పదిహేడేళ్ల కుర్రాడిదే టైటిల్.

కాబట్టి పియాస్ట్రికి కావాల్సినవి ఒకటో రెండో పాయింట్లు. వినడానికి చిన్నదే. చేయడానికి వస్తే, మధ్య గుంపులో ప్రతి మలుపులోనూ ముగ్గురు నలుగురు చుట్టూ ఉంటారు. వాళ్లకు టైటిల్ గొడవ లేదు, పోగొట్టుకోడానికి ఏమీ లేదు. ఏ ఒక్కడు ముక్కు దూర్చినా, ముందు రెక్క విరిగినా పని అయిపోయినట్టే. తగులుకోకూడదు, అలాగని వెనకా ఉండిపోకూడదు. ఈ రెంటికీ మధ్యలో నడిపించడమే ఆ రోజు అతని పని.

నాలుగు స్థానాలు పైకి వచ్చాడు. ఒకటి సార్జెంట్ తప్పుకోవడంతో తేరగా వచ్చిందే. మిగతాది అతను తెచ్చుకున్నది. ఏడో స్థానం, 4 పాయింట్లు, మొత్తం 164. పూర్షేర్ 161, సార్జెంట్ 160. ఆఖరికి ముగ్గురి మధ్య తేడా నాలుగే పాయింట్లు. వేగవంతమైన ల్యాప్‌కిచ్చే బోనస్‌ను పక్కన పెట్టినా, పూర్షేర్ ఆ రేసు గెలిచుంటే 166తో అతనే ఛాంపియన్. లాసన్, బెక్‌మన్ అతనికి ముందు ఉండటం వల్ల కూడా పియాస్ట్రి బతికిపోయాడన్నమాట.

అదృష్టమా? కొంత అదే. సార్జెంట్ మొదటి ల్యాప్‌లో పోవడం పియాస్ట్రి చేసింది కాదు. కానీ ఆ అదృష్టం ఎవరి తలుపు తట్టిందో చూడాలి. పోల్ లేకపోయినా, మొదటి రేసులో వట్టి చేతులతో వచ్చినా, టైటిల్‌కు చేరువలో నిలిచినవాడి తలుపు. సీజనంతా చిన్న చిన్న స్థానాలు పోగేసుకోకుంటే ఆ రోజు 160 అనే అంకె అతని పేరు పక్కన ఉండేదే కాదు.

పెట్టె: చూడబోయేవారికి

• జట్లు పది, కార్లు ముప్ఫై, అందరికీ ఒకే కారు, ఒకే ఇంజిన్, ఒకే రకం టైర్లు.
• 2020 ఎఫ్3 చివరి పట్టిక: పియాస్ట్రి 164, పూర్షేర్ 161, సార్జెంట్ 160, వెస్టి 146.5, లాసన్ 143.
• జట్టు టైటిల్ కూడా ప్రెమాదే. దాని ముగ్గురు కుర్రాళ్లూ మొదటి నాలుగు స్థానాల్లోనే.
• ఎఫ్2 గెలిచినవాడు మరుసటి ఏడాది మళ్లీ ఎఫ్2లో నడపకూడదు. గెలిచి ఫార్ములా వన్ సీటు దొరక్కపోతే వేరే పోటీ వెతుక్కోవాల్సిందే.

ర్యాంకు వేరు, సీటు వేరు

ఎంసెట్ రాసిన ఇళ్లలో ఈ సంగతి చెప్పనక్కర్లేదు. ర్యాంకు రావడం ఒకటి, కావాల్సిన కాలేజీలో సీటు దొరకడం ఇంకొకటి. ఎఫ్3 కూడా అంతే. సూపర్ లైసెన్స్ పాయింట్లు ర్యాంకు ఇస్తాయి. సీటు మాత్రం వేరే కౌంటర్‌లో దొరుకుతుంది. ఫార్ములా వన్‌లో అప్పట్లో ఉన్నవి 20 సీట్లు, 2026లో పదకొండో జట్టు వచ్చాక 22. వాటిలో చాలావరకు ఎప్పుడూ నిండే ఉంటాయి.

మధ్యలో డబ్బు సంగతుంది. ఎఫ్3లో ఒక సీజన్ నడపాలంటే పది లక్షల యూరోల దాకా ఖర్చని రేసింగ్ వర్గాల మాట. మన లెక్కలో కోట్లే. కుటుంబమో స్పాన్సరో ఫార్ములా వన్ జట్టు అకాడమీయో భరించాలి. ముజెల్లోలో టైటిల్ వాకిట దాకా వచ్చిన సార్జెంట్‌కే మరుసటి ఏడాది ఎఫ్2కు సరిపడా డబ్బు సమకూరలేదు. 2021లో మళ్లీ ఎఫ్3లోనే, చిన్న జట్టు చారూజ్‌తో నడిపి, సోచీలో ఒక రేసు గెలిచాడు. అక్కడి నుంచి మళ్లీ మెట్లెక్కి 2022లో ఎఫ్2లో నాలుగోవాడై, 2023లో విలియమ్స్‌తో ఫార్ములా వన్ చేరాడు. ఆస్టిన్‌లో సొంత ప్రేక్షకుల ముందు ఒక పాయింటు కూడా తెచ్చుకున్నాడు. 2024 ఆగస్టులో సీటు పోయింది.

పూర్షేర్ కథ ఇంకా చిత్రం. 2023లో ఎఫ్2 ఛాంపియన్ అయ్యాడు. ఫార్ములా వన్ రేసు సీటు మాత్రం రాలేదు. జపాన్ వెళ్లాడు, అమెరికాలో ఇండీకార్ నడిపాడు, రెండు చోట్లా కుదురు దొరకలేదు. 2022 ఎఫ్2 ఛాంపియన్ ఫెలిపె డ్రుగోవిచ్‌కూ అదే గతి. ఇటలీ కుర్రాడు లియోనార్డో ఫోర్నరోలి 2024లో ఎఫ్3, 2025లో ఎఫ్2 వరసగా గెలిచినా 2026 గ్రిడ్‌లో అతనికి రేసు సీటు లేదు. మరోవైపు ముజెల్లో నాటి ఎఫ్3లోనే జాక్ డూహన్ అనే ఆస్ట్రేలియా కుర్రాడున్నాడు. ఆ ఏడాది ఒక్క పాయింటు కూడా రాలేదు. అతను 2024 ఆఖరి రేసులో ఆల్పైన్ తరఫున ఫార్ములా వన్ కారెక్కాడు.

పియాస్ట్రికీ దారి తిన్నగా దొరకలేదు. 2021లో తొలి ప్రయత్నంలోనే ఎఫ్2 గెలిచాడు. గెలిచి కూడా 2022 అంతా ఆల్పైన్ రిజర్వ్ డ్రైవర్‌గా గట్టు మీద కూర్చున్నాడు. ఆ ఆగస్టులో అతను మాకు నడుపుతాడని ఆల్పైన్ ప్రకటిస్తే, నేను నడపను అని అతనే బయటికొచ్చి చెప్పాడు. మెక్‌లారెన్‌తో అతని ఒప్పందమే చెల్లుతుందని ఒప్పందాలను తేల్చే మండలి తీర్పునిచ్చింది. 2023లో అరంగేట్రం, 2024లో హంగరీలో మొదటి గ్రాండ్ ప్రి గెలుపు. 2025లో చాలాకాలం ప్రపంచ పట్టికలో ముందుండి, చివరకు మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు. పాయింట్లు పోగేసే విద్యలో ఆరితేరినవాడికే ఆఖరి మెట్టులో జారిపోయిన పాయింట్ల లెక్క తప్పలేదు.

జారుడు మెట్లు

ఈ దారిలో ప్రమాదం కూడా ఉంది. 2019 ఆగస్టు 31న స్పాలో జరిగిన ఎఫ్2 రేసులో ఫ్రెంచ్ డ్రైవర్ ఆంథోన్ హ్యూబర్ట్ ప్రాణాలు కోల్పోయాడు. సరిగ్గా వారం తిరిగేసరికి మోంజాలో ఎఫ్3 కారు గాల్లోకి లేచి కంచె మీద పడింది. దాన్ని నడిపిన అలెక్స్ పెరోని ప్రాణాలతో బయటపడ్డాడు. ముజెల్లో నాటి గ్రిడ్‌లో సోఫియా ఫ్లోర్ష్ కూడా ఉంది. 2018లో మకావులో కారు ఎగిరిపడి వెన్నెముక విరిగినా, శస్త్రచికిత్స తర్వాత తిరిగి పోటీలోకి వచ్చిన జర్మన్ డ్రైవర్. తల మీద టైటానియం కమ్మీలా కనిపించే హేలో ఎందుకుందో ఈ పిల్లలకు ఎవరూ చెప్పాల్సిన అవసరం లేదు.

మనవాళ్ల సంగతి

ఈ మెట్లమీద భారతీయులూ ఉన్నారు. 2019లో ఇదే ఎఫ్3లో, ఇదే ప్రెమా జట్టులో ముంబయి కుర్రాడు జెహాన్ దారువాలా మూడో స్థానంలో నిలిచాడు. 2020లో ముజెల్లో వారాంతానికి ఎఫ్2లో నడుపుతున్నాడు, ఆ డిసెంబరులో బహ్రెయిన్‌లో తొలి గెలుపు అందుకున్నాడు. ఫార్ములా వన్ కారు పరీక్షించే అవకాశమూ వచ్చింది. సీటు రాలేదు. బెంగళూరు కుర్రాడు కుష్ మైనీ 2025లో మొనాకోలో ఎఫ్2 స్ప్రింట్ గెలిచాడు. మొనాకోలో ఎఫ్2 రేసు గెలిచిన మొదటి భారతీయుడు అతనే.

తెలుగువాళ్లకు ఈ లోకం మరీ కొత్తదేమీ కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా-ఈ రేసు జరిగింది. 2013 తర్వాత దేశంలో జరిగిన మొదటి ఎఫ్ఐఏ ప్రపంచ ఛాంపియన్‌షిప్ రేసు అది. దాన్ని గెలిచిన ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్‌దీ ఇదే దారి. 2010లో బ్రిటిష్ ఫార్ములా 3 ఛాంపియన్, ఆపైన మూడేళ్లు ఫార్ములా వన్, అక్కడ సీటు పోయాక ఎలక్ట్రిక్ కార్లు. నెక్లెస్ రోడ్ పక్క నుంచి దూసుకెళ్లిన కార్ల డ్రైవర్లలో ఎక్కువమంది ఇలా ఎఫ్3, ఎఫ్2 మెట్లు ఎక్కి దిగినవాళ్లే. మరుసటి ఏడాది ఆ రేసు రద్దయింది. ఈ దారిలోకి పిల్లల్ని పంపాలనుకునే తల్లిదండ్రులు మాత్రం హైదరాబాద్‌లోనూ ఉన్నారు. వాళ్లకు ముజెల్లో చెప్పే పాఠం ఒకటే. కప్పు గెలిస్తే దారి తెరుచుకుంటుందని పందెం కాయడం తప్పు. దారి తెరిచేవి డబ్బు, ఎవరి అకాడమీ, ఏ ఏడాది ఎక్కడ ఖాళీ ఏర్పడింది అన్నవి. పిల్లాడి చేతిలో ఉన్నదల్లా ఆ ఖాళీ వచ్చేనాటికి పట్టికలో పైన ఉండటం.

అందుకే ఈ రేసులు చూసేటప్పుడు కళ్లన్నీ ముందున్న ముగ్గురి మీదే పెట్టుకోవడం వల్ల సగం కథ తప్పిపోతుంది. తెర ఎడమ పక్కన స్థానాల జాబితాలో ఏడు, ఎనిమిది, తొమ్మిది దగ్గర ఎవరున్నారో చూడాలి. అక్కడ టైటిల్ వేటలో ఉన్న పేరు కనిపిస్తే, అసలు రేసు అక్కడే నడుస్తోందని అర్థం. ముజెల్లోలో కెమెరాలు ముందువాళ్ల వెంట పరుగెడుతుండగా, ఛాంపియన్ ఎవరన్నది తేలింది ఏడో స్థానంలోనే.